కారు అద్దములు – కాంతికి చట్టము విధించిన హద్దు

(పాఠశాల వార్షికోత్సవము నాటి తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



ఏటేట ఈ సభలో మేము పరీక్షా ఫలితములను గూర్చియు, పాఠశాల అవసరములను గూర్చియు మాటలాడుచుందుము. ఆ సంగతులన్నియు వార్షిక నివేదికలో ఇంతకుముందే చదివి వినిపింపబడినవి. నేడు మేము ఎన్నుకొనిన విషయము మీకు కొంత వింతగా తోచవచ్చును. కారు అద్దములకు అంటించు నల్ల ఫిల్మును గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి. బడిపంతులుకు కార్ల గొడవ ఎందుకని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. ఆ గొడవ మేము వెదకికొని పోగా దొరకినది కాదు. అది మన బడి గేటు వద్దకే వచ్చినది.

గత వేసవి సెలవులకు ముందు ఒకనాటి ఉదయమున మన విద్యార్థి తండ్రి యొకరు కోపముతో మా గదికి వచ్చిరి. వారి చేతిలో ఒక జరిమానా రసీదు ఉన్నది. "సార్, మా బండి ఏపీ నంబరు కాబట్టే ఆపినారు. కన్నడం రాదని తెలిసి డబ్బు గుంజినారు. తెలుగువాళ్ళంటే ఈ ఊళ్ళో ఇంత అలుసా?" అని వారు అడిగిరి. రసీదు కన్నడమున ఉన్నది. ఆరవ తరగతిలోనున్న వారి కుమారుని పిలిపించి, దానిని చదువుమంటిమి. మన పిల్లలు బడిలో కన్నడమును కూడ నేర్చుకొనుచున్నారు గదా! బాలుడు తడబడకుండ చదివి, తండ్రి వైపు తిరిగి, "నాన్నా, నంబరు సంగతి ఇందులో ఏమీ లేదు. అద్దాలకు నల్ల ఫిల్ము ఉందని రాసినారు" అని చెప్పెను. తండ్రి కొంతసేపు మౌనముగా కూర్చుండి, "అది తప్పా సార్?" అని మెల్లగా అడిగిరి.

ఆ ప్రశ్నకు నాడు మేము సరియైన సమాధానము చెప్పలేకపోతిమి. తప్పని మాత్రము వినియుంటిమి; ఎంతవరకు తప్పో, ఎందుకు తప్పో మాకును తెలియదు. తరువాత తెలిసికొనిన సంగతులను నేడు మీ అందరి ముందు ఉంచుచున్నాము.

మన దేశమున మోటారు వాహనములకు ఆధారమైన శాసనము 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము. దాని క్రింద కేంద్రప్రభుత్వము 1989లో నిబంధనలను చేసినది. అందులో 100వ నిబంధన అద్దములకు సంబంధించినది. వాహనపు ముందు అద్దమునుండియు, వెనుక అద్దమునుండియు నూటికి 70 పాళ్ళకు తక్కువ కాకుండ వెలుతురు లోపలికి పోవలెను. ప్రక్క అద్దములనుండి నూటికి 50 పాళ్ళకు తక్కువ కాకుండ పోవలెను. అద్దములు భద్రతా ప్రమాణములకు లోబడి ఉండవలెను. కారు కొన్ననాడు మాత్రమే గాక, అది వాడుకలో ఉన్నంత కాలము ఆ స్థితిలోనే వానిని ఉంచవలెనని ఆ నిబంధన చెప్పుచున్నది.

ఇచ్చట మీ పిల్లలు ఏడవ తరగతిలో చేయు శాతముల లెక్క ఒకటి చెప్పెదము. అంగడివాడు ఒక ఫిల్మును చూపి, "ఇది యాభై శాతానిది, చట్టానికి సరిపోతుంది" అని చెప్పుననుకొందము. కాని ఫిల్ము గాలిలో వ్రేలాడదు, అద్దముపై అంటుకొనును. అద్దము తనంత తానే కొంత వెలుతురును ఆపును. ప్రక్క అద్దము 70 పాళ్ళు పోనిచ్చునది అనుకొనుడు. దానిపై 50 పాళ్ళ ఫిల్ము అంటించినచో, 70లో సగము, అనగా 35 పాళ్ళు మాత్రమే మిగులును. చట్టము కోరినది 50. అంగడివాని మాట ఫిల్మును గూర్చి నిజమే కావచ్చును. మీ కారును గూర్చి నిజము కాదు. చట్టము అడుగునది రెండును కలిసిన తరువాత మిగిలిన వెలుతురెంత అనియే.

ఇంకొక లెక్క. మన ముందు పోవు కారుకు ముందు వెనుకల 70 పాళ్ళ అద్దములున్నచో, దాని రెండు అద్దములగుండ మనకు 49 పాళ్ళ వెలుతురు వచ్చును. ఆ కారుకు ఆవలనున్న లారీ బ్రేకు వేసినచో దాని ఎఱ్ఱదీపము మనకు కనబడును. ఆ రెండు అద్దములును 20 పాళ్ళవే అయినచో మనకు వచ్చునది 4 పాళ్ళు. అప్పుడు ముందున్న కారు కదిలెడి గోడ వంటిదగును. కనుక మన అద్దము నలుపు మనకు మాత్రమే సంబంధించినదని అనుకొనరాదు. వెనుక వచ్చువాని చూపును కూడ అది కప్పివేయుచున్నది.

నిబంధన 1989 నుండి ఉన్నను దానిని పాటించినవారు కొద్దిమంది. అవిషేక్ గోయెంకా అను పౌరుడు ఈ విషయమై సుప్రీంకోర్టును ఆశ్రయింపగా, ప్రధాన న్యాయమూర్తి ఎస్.హెచ్. కపాడియా, న్యాయమూర్తులు ఎ.కె. పట్నాయక్, స్వతంత్ర కుమార్ గార్ల ధర్మాసనము 2012 ఏప్రిల్ 27న తీర్పు చెప్పినది. కర్మాగారమున అద్దము తయారగునపుడే పరిమితికి లోబడి కొంత రంగు ఉండవచ్చును గాని, తరువాత దానిపై ఏ శాతపు నల్ల ఫిల్మునైనను, మరి ఏ పదార్థమునైనను అంటించుట కూడదని ఆ తీర్పు సారాంశము. అది 2012 మే 4 నుండి దేశమంతట అమలునకు వచ్చెను. మార్పు కోరుచు ఫిల్ము వ్యాపారులు మరల విన్నవించుకొనగా, అదే సంవత్సరము ఆగస్టు 3న న్యాయస్థానము ఆ కోరికను త్రోసిపుచ్చినది. జరిమానా వేయుటతో సరిపెట్టక ఫిల్మును అక్కడికక్కడ తొలగింపవలెనని పోలీసులకు ఆదేశించినది. ప్రాణభయము కారణముగా జెడ్, జెడ్ ప్లస్ రక్షణ పొందినవారి అధికార వాహనములకు మాత్రము ప్రత్యేక సంఘము పరిశీలించి మినహాయింపు ఈయవచ్చును. మనలో అట్టివారు లేరని మా నమ్మకము!

అటుపిమ్మట ఒక మార్పు వచ్చినది. దానిని దాచుట ధర్మము కాదు. కేంద్రప్రభుత్వము 100వ నిబంధనను సవరించి, 2021 ఏప్రిల్ 1 నుండి భద్రతా అద్దముతో పాటు లోపలివైపున ప్లాస్టిక్ పొర గల అద్దమును కూడ, భారతీయ ప్రమాణములకు లోబడినచో, అంగీకరించినది. దీనిని ఆధారము చేసికొని కేరళ హైకోర్టు 2024 సెప్టెంబరులో, 70, 50 పాళ్ళ పరిమితి చెడనంతవరకు ఫిల్ము ఉన్నదను ఒక్క కారణముచే జరిమానా వేయరాదని తీర్పు చెప్పినది. ఈ వార్త విని, ఇక ఏ ఫిల్మైనను వేసికొనవచ్చునని ఎవరైనను చెప్పినచో నమ్మకుడు. ఆ తీర్పు కూడ 70ని, 50ని ఒక్క పాలైనను తగ్గింపలేదు. పైన చెప్పిన లెక్క ప్రకారము బజారులో అమ్ము నల్ల ఫిల్ములు ఆ హద్దులో నిలుచుట కష్టము. మరియు మన జిల్లా కేరళలో లేదు. కావున మా సలహా ఒక్కటే. కారుతో వచ్చిన అద్దమును అట్లే ఉంచుడు. సందేహమున్నచో ప్రాంతీయ రవాణా కార్యాలయమును వ్రాతపూర్వకముగా అడుగుడు. ఆ సమాధానము చేతికి వచ్చువరకు ఏమియు అంటింపకుడు.

జరిమానా సంగతి. చట్టములోని 177వ సెక్షను ప్రకారము మొదటిసారి 500 రూపాయల వరకు, మరల చేసినచో 1500 రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. 2019 సవరణకు ముందు ఇవి 100, 300గా ఉండెడివి. అక్కడికక్కడ వసూలు చేయు మొత్తము ఆయా రాష్ట్రముల ప్రకటనలను బట్టి ఉండును. రసీదు అడిగి తీసికొనుట మీ హక్కు.

ఇప్పుడు ఆ తండ్రి మనసులోని అసలు బాధకు వత్తుము. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినపుడు మన బళ్ళారి జిల్లానుండి ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు అటు పోయెను. బళ్ళారి ఇటు మైసూరు రాష్ట్రమున చేరెను. రాష్ట్రములు విడివడినను బంధుత్వములు విడివడలేదు. మన ఆడబిడ్డలు గుంతకల్లులో ఉన్నారు, మన అల్లుండ్రు ఆదోనిలో ఉన్నారు. వారమునకు ఒకసారియైనను సరిహద్దు దాటని కుటుంబము మనలో అరుదు. దాటినప్పుడెల్ల బోర్డులపై అక్షరములు మారును. అందువలన అద్దముల చట్టము కూడ మారునని తలచుట సహజము. "మా వైపు ఎవరూ అడగరు" అని అటువారు, "మీ వైపు ఊరికే పట్టుకుంటారు" అని ఇటువారు అనుచుందురు. నిజమేమనగా, ఈ నిబంధన కేంద్రప్రభుత్వము చేసినది. కె.ఎ. 34 బండికి ఎంతయో, ఏపీ బండికిని అంతే. రాయదుర్గములో 70 అయినది బళ్ళారిలో 60 కాదు.

మీలో కొందరి బిడ్డలు అమెరికాలో ఉన్నారు. అచ్చట పద్ధతి వేరు. టెక్సాస్ రాష్ట్రమున ముందు కూర్చున్నవారి ప్రక్క అద్దములకు 25 పాళ్ళ వెలుతురు చాలును. కాలిఫోర్నియాలో 70 ఉండవలెను. ఒక రాష్ట్రమున సక్రమమైన కారు వేరొక రాష్ట్రమున తప్పు కావచ్చును. ఇంగ్లండులో 1985 ఏప్రిల్ 1 తరువాతి కార్లకు ముందు అద్దము 75, ముందరి ప్రక్క అద్దములు 70 పాళ్ళు పోనీయవలెను. మనకు ఆ చిక్కు లేదు. కాశ్మీరమునుండి కన్యాకుమారి వరకు ఒక్కటే కొలత. రెండు రాష్ట్రముల నడుమ బ్రతుకు మనవంటివారికి ఇది మేలే గాని కీడు కాదు.

ఇంతవరకు చట్టము చెప్పితిమి. ఇక మా తప్పు ఒకటి చెప్పుకొనవలసియున్నది.

కొన్ని సంవత్సరముల క్రిందట మన పిల్లల రాకపోకలకు ఒక వ్యాను బాడుగకు మాటలాడితిమి. దాని అద్దములన్నింటికి నల్ల ఫిల్ము ఉండెను. ఎండ తగలదు, పిల్లలు చల్లగా కూర్చుందురని మేమే మెచ్చుకొంటిమి. డిసెంబరు మాసమున ఒకనాటి సాయంకాలము వార్షికోత్సవ నాటక సాధన ముగియుసరికి చీకటి పడుచున్నది. డ్రైవరు బండిని వెనుకకు తీయుచుండెను. రెండవ తరగతి పాప యొకతె జారిపడిన టిఫిను డబ్బా కొరకు బండి ఎడమ ప్రక్కకు పరుగెత్తెను. ఆయమ్మ చూచి, కేక వేసి, రెండు చేతులతో బండిని గట్టిగా చరచెను. బండి ఆగినది. చక్రమునకును ఆ పాపకును నడుమ జానెడు చోటు లేదు. డ్రైవరు దిగి చూచి, నేలపై కూలబడి, "పక్క అద్దంలో ఏమీ కనబడలేదు సార్" అని ఏడ్చెను.

అతడు అబద్ధమాడలేదు. ఎడమ ప్రక్క చిన్న అద్దమును డ్రైవరు చూచునది ఎడమ తలుపు అద్దమునుండియే గదా! ఆ తలుపు అద్దమును నల్ల ఫిల్ము కప్పియుండెను. పగటి వెలుతురులో ఆ లోపము తెలియదు. సంధ్యవేళ, పిల్లలు బడి విడిచి పోవు వేళ, అది ప్రాణాంతకమగును. మరియొక విషయము. రోడ్డు దాటు బిడ్డ డ్రైవరు ముఖము చూచును. అతడు తనను చూచినాడా లేదా అని గ్రహించి అడుగు వేయును. నల్ల అద్దము వెనుక ముఖమే కనబడదు. లోపలివానికి బిడ్డ సరిగా కనబడడు, బిడ్డకు లోపలివాడు అసలే కనబడడు.

ఆ రాత్రి మేము నిద్రపోలేదు. ఆ వ్యానును కుదిర్చినది మేము. ఫిల్మును మెచ్చినది మేము. డ్రైవరుపై తప్పు మోపి చేతులు దులుపుకొనుటకు మాకు మనసు రాలేదు. మరునాడు ఫిల్ము తీయించితిమి. కాని దానిని గూర్చి ఇంతవరకు ఏ సభలోను మేము చెప్పలేదు. నేడు చెప్పుచున్నాము.

చట్టమునకు వేరొక కారణము కూడ కలదు. మూసిన బండిలో జరుగునది బయటివారికి కనబడకపోవుట దుర్మార్గులకు అనుకూలము. సుప్రీంకోర్టు తన తీర్పులో నేరములకు, ముఖ్యముగా స్త్రీలపై జరుగు అఘాయిత్యములకు, నల్ల అద్దములు తోడ్పడుటను ప్రస్తావించినది. అదే సంవత్సరము డిసెంబరు 16న ఢిల్లీలో ఒక విద్యార్థినిపై ఘోరము జరిగిన బస్సుకు నల్ల అద్దములును, తెరలును ఉండెను. ఆ బస్సు నగరపు వీధులలో తిరుగుచుండగనే ఆ దారుణము జరిగినది. మన ఆడపిల్లలను ఎక్కించు బండి లోపలి భాగము వీధిలో నలుగురికి కనబడవలెనని మేము పట్టుపట్టుట ఇందుకే.

మీ అభ్యంతరములు మాకు తెలియును. మొదటిది ఎండ. ఏప్రిల్, మే మాసములలో మన ఊరి కొండరాళ్ళు అర్ధరాత్రి వరకు సెగలు చిమ్మును. ఆ బాధను మేము కాదనము. కాని నలుపునకును చల్లదనమునకును గట్టి సంబంధము లేదు. సూర్యుని నుండి వచ్చు శక్తిలో సుమారు సగము కంటికి కనబడని కిరణములది. కంటికి కనబడు వెలుతురును ఆపినంతమాత్రమున ఆ వేడి అంతయు ఆగిపోదు. నల్ల పొర తాను వేడెక్కి, ఆ వేడిలో కొంత లోపలికే విడుచును. పైకప్పునుండి దిగు వేడిని అద్దపు ఫిల్ము ఏమియు చేయలేదు. వేపచెట్టు నీడన బండి నిలుపుట, ఎక్కుటకు ముందు తలుపులన్నియు రెండు నిమిషములు తెరచియుంచి వేడిగాలిని పోనిచ్చుట, నిలిపియున్నంతసేపు లోపల అట్ట అడ్డుపెట్టి బయలుదేరునపుడు తీసివేయుట – ఇవి చేయదగిన పనులు. కారు కొనునపుడే వేడిని తగ్గించు అద్దములు గల బండి దొరకునేమో విచారించుడు. కర్మాగారమున పరిమితికి లోబడి చేసిన అట్టి అద్దములకు చట్టము అడ్డు చెప్పదు.

రెండవది మరుగు. ఇంటి ఆడవారు కూర్చుండగా దారిన పోవువారు తొంగి చూతురని కొందరు పెద్దలు బాధపడుదురు. మర్యాదగల మాటయే. కాని మన బళ్ళారికి తెరల సంగతి కొత్త కాదు. ధర్మవరము రామకృష్ణమాచార్యులు గారు, బళ్ళారి రాఘవ గారు – వీరిరువురును ఈ ఊరి న్యాయవాదులు, వీరిరువురును నాటకరంగమున మహనీయులు. పగలు న్యాయస్థానమున, రాత్రి రంగస్థలమున నిలిచినవారు. రంగస్థలమునకు తెర కావలెను. న్యాయస్థానమునకు తెర ఉండరాదు. బాట కూడ న్యాయస్థానము వంటిదే. అక్కడ ఒకరి ప్రవర్తన ఒకరికి కనబడుటయే అందరికి రక్షణ. మరుగు ఇంటికి ఉండనిండు.

చివరగా మా మనసున అన్నింటికన్న మిన్నగా నాటుకొనిన మాట. ఈ పాఠశాల దేనిమీద నిలిచియున్నది? భాషాల్పసంఖ్యాకులు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించుకొని నడుపుకొనవచ్చునని రాజ్యాంగములోని 30వ అధికరణము చెప్పుచున్నది. వారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన జరుగుటకు వసతులు కల్పింప యత్నింపవలెనని 1956లో చేర్చిన 350-ఎ అధికరణము చెప్పుచున్నది. ఉపాధ్యాయులు కావలెనని, పుస్తకములు కావలెనని కార్యాలయములకు పోయినపుడు మేము ఈ అధికరణములనే చూపి అడుగుదుము. చట్టములో ఇట్లున్నది, మాకు ఈయవలెను అందుము. అదే నోటితో 100వ నిబంధన దగ్గరకు వచ్చునప్పటికి, ఎవరు చూడవచ్చిరి అనవచ్చునా? సంఖ్యలో కొద్దివారమైన మనకు చట్టమే పెద్ద అండ. ఆ అండను కోరువారు దానిని ముందు తెలిసికొనవలెను. తెలిసిన పిమ్మట పాటింపవలెను. తెలియనివానికి ప్రతి జరిమానాయు వివక్షవలెనే కనబడును. తెలిసినవాడు న్యాయమైన జరిమానాను న్యాయముగా చెల్లించి, నిజముగా అన్యాయము జరిగిననాడు తల ఎత్తి నిలదీయగలడు.

కావున మీకు మూడు విన్నపములు. మన పిల్లలను తెచ్చు వ్యానులకు, ఆటోలకు, కార్లకు నల్ల ఫిల్ముగాని, తెరలుగాని ఉన్నచో వేసవి సెలవులు ముగియులోపల తీయింపుడు. బడి తెరచిన నాటినుండి బాడుగ బండ్లను మేము గేటు వద్దనే పరిశీలింతుము. ఫిల్ము ఉన్న బండిలో మన పిల్లలను ఎక్కింపము. రెండవది, కన్నడమున ఏ నోటీసు వచ్చినను, రసీదు వచ్చినను, కోపము తెచ్చుకొనకముందు మా వద్దకు తెండు. మన ఉపాధ్యాయులు చదివి చెప్పుదురు. మీ పిల్లలే చదివి చెప్పగలరు. మూడవది, సరిహద్దుకు ఆవలనున్న మీ బంధువులకు కూడ ఈ 70, 50 అను రెండు అంకెలను చెప్పుడు.

ఆ తండ్రి సంగతి చెప్పి ముగింతుము. వారు మరునాడే ఫిల్ము తీయించిరి. ఇప్పుడు ఉదయమున వారి కారు గేటు వద్దకు వచ్చునపుడు, ముందర కూర్చున్న బాలుడు మాకు దూరమునుండియే కనబడును. చేయి ఊపును. మేమును చేయి ఊపుదుము. గత సంవత్సరమంతయు వాడు అట్లే ఊపుచుండెనట. నల్ల అద్దము వలన మాకు కనబడలేదు.